మట్టి రంగా, రసాయనమా: దిగుమతి పిగ్మెంట్లు ఏ హెడింగులో పడతాయి

పెయింట్లు, సిమెంటు టైల్సు, రబ్బరు, ప్లాస్టిక్ తయారీదారులు విదేశాల నుంచి తెప్పించే ఎర్ర పొడి పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. బస్తా మీద 'రెడ్ ఆక్సైడ్' అని ఉంటుంది, ఇన్‌వాయిస్‌లోనూ అదే మాట. కస్టమ్స్ టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) మాత్రం ఆ పొడికి నాలుగైదు హెడింగులు, అంటే నాలుగంకెల కోడ్‌లు, ఉన్నాయి. గనిలో తవ్వి నూరిన కావి మట్టి అయితే 2530. అదే మట్టిలో ఇనుము ఒక గీత దాటితే 2821. ఫ్యాక్టరీలో రసాయన చర్యతో తయారైతే అదీ 2821లోకే వస్తుంది గానీ సబ్‌హెడింగు మారుతుంది. ముగ్గురాయి (బెరైట్స్) పొడో సున్నపురాయి పొడో కలిపితే 3206. పెయింట్ల తయారీ కోసం నూనెలో నూరి పేస్టు చేస్తే 3212. సరుకు ఏ రంగులో ఉంది, వ్యాపారంలో దాన్ని ఏమని పిలుస్తారు అన్నవి హెడింగును తేల్చలేవు. పొడిని గని నుంచి బస్తాలోకి తెచ్చేలోపు ఏమేం చేశారు, అందులో ఇనుము ఎంత ఉంది అన్నవే ముందు చూడాలి.

భారత కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975 మొదటి షెడ్యూలుకు ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హెచ్‌ఎస్ (హార్మోనైజ్డ్ సిస్టమ్) విధానమే ఆధారం. మొదటి ఆరు అంకెలు అన్ని సభ్య దేశాల్లో ఒకటే. ఏడు, ఎనిమిదో అంకెలు మన దేశం చేర్చుకున్నవి. అందుకే ఎగుమతిదారు ఇన్‌వాయిస్‌లో వేసిన కోడ్‌ను ఉన్నదున్నట్టుగా బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి ప్రకటన)లోకి ఎక్కించకూడదు. ఆరు అంకెల వరకు అది ఒక సూచన మాత్రమే, దానికి మన అధికారి కట్టుబడి ఉండాల్సిన పని లేదు. వర్గీకరణ సూత్రాల్లో మొదటిది ప్రకారం హెడింగు మాటలు, సెక్షన్ నోట్లు, ఛాప్టర్ నోట్లు కలిపి చదివి నిర్ణయించాలి. మిగతా సూత్రాల దాకా వెళ్లాల్సిన అవసరం పిగ్మెంట్ల విషయంలో అరుదుగానే వస్తుంది, ఎందుకంటే ఛాప్టర్ 25, 28, 32 నోట్లు ఒకదానికొకటి హద్దులు గీసుకుని ఉన్నాయి.

ఛాప్టర్ 25 మొదటి నోట్ ప్రకారం అక్కడి ఖనిజాలు ముడి రూపంలోనో, కడిగో, నలగ్గొట్టో, నూరో, జల్లెడ పట్టో, నీళ్లలో కలిపి తేరనిచ్చి మెత్తటి భాగాన్ని తీసో, ఫ్లోటేషన్‌తోనో అయస్కాంతంతోనో శుద్ధి చేసో ఉండవచ్చు. కాల్చితే, వేయిస్తే, మరో పదార్థంతో కలిపితే ఛాప్టర్ దాటిపోతాయి. హెడింగులోనే వేరేగా చెప్పి ఉంటే తప్ప. ఆ మినహాయింపు మట్టి రంగులకు ఉంది. నాలుగో నోట్ 2530లోకి వచ్చేవాటిని చెబుతూ 'కాల్చినా కాల్చకపోయినా, ఒకదానితో ఒకటి కలిపినా' మట్టి రంగులు ఇక్కడే ఉంటాయంటుంది. కాబట్టి ఇటలీ నుంచి వచ్చే కాల్చిన సియెన్నా, సైప్రస్ నుంచి వచ్చే కాల్చిన అంబర్ (గోధుమ మట్టి రంగు) కాల్చినంత మాత్రాన 2530 నుంచి బయటకు పోవు. పసుపు ఓకర్‌లో ఎర్ర ఓకర్ కలిపినా పోవు. ఇక్కడ 'ఒకదానితో ఒకటి' అన్న మాటే కీలకం. మట్టి రంగులో ముగ్గురాయి కలిపినా, ఫ్యాక్టరీ ఆక్సైడ్ కలిపినా ఆ వెసులుబాటు వర్తించదు.

70 శాతం గీత

రెండో నోట్ ఒక సంఖ్యతో హద్దు గీసింది. రసాయనికంగా కలిసి ఉన్న ఇనుమును ఫెర్రిక్ ఆక్సైడ్‌గా లెక్కిస్తే బరువులో 70 శాతం, అంతకు మించి ఉన్న మట్టి రంగులు ఛాప్టర్ 25 కిందికి రావు. వాటికి 2821 20 00 ఉంది. ఫ్యాక్టరీలో తయారైన ఐరన్ ఆక్సైడ్ 2821 10 10లోకి, హైడ్రాక్సైడ్ 2821 10 20లోకి వెళ్తాయి. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఈ 70 దగ్గరే. ఫ్రాన్స్‌లోని పసుపు ఓకర్లలో ఇనుము ఈ గీతకు చాలా కింద ఉంటుంది, కాబట్టి అక్కడ సందేహం లేదు. చిక్కల్లా ఇనుము దండిగా ఉన్న సహజ ఎర్ర ఆక్సైడ్లతోనే.

'ఫెర్రిక్ ఆక్సైడ్‌గా లెక్కిస్తే' అన్న మాటను ల్యాబ్‌లో ఎలా అమలు చేస్తారో తెలిస్తేనే నివేదికను సరిగ్గా చదవగలం. మొత్తం ఇనుము శాతాన్ని 1.43తో హెచ్చిస్తే ఫెర్రిక్ ఆక్సైడ్ వస్తుంది. అంటే ఇనుము 48.96 శాతం దగ్గర గీత పడుతుంది. నివేదికలో 'ఇనుము 49.5' అని ఉంటే గీత దాటినట్టు, '48' అని ఉంటే దాటనట్టు. పసుపు ఓకర్‌లో రంగునిచ్చే గోయెథైట్ తన బరువులో పదో వంతు నీటిని పట్టుకుని ఉంటుంది. శుద్ధమైన గోయెథైట్ కూడా ఫెర్రిక్ ఆక్సైడ్ లెక్కలో 89.9 శాతమే. దాదాపు 78 శాతం గోయెథైట్ ఉంటే గాని పసుపు మట్టి 70ని అందుకోదు. మాగ్నటైట్‌ది ఇందుకు రివర్సు. శుద్ధమైన నల్ల ఆక్సైడ్‌ను ఇలా లెక్కిస్తే 103.5 శాతం వస్తుంది. అది ల్యాబ్ చేసిన పొరపాటు కాదు, లెక్క స్వభావమే అంత.

నివేదికల్లో ఎక్కువగా దెబ్బ తీసే తప్పు ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రే ఫ్లోరసెన్స్) యంత్రం నుంచి వస్తుంది. ఆ యంత్రం ఇనుము, సిలికాన్, అల్యూమినియం, కాల్షియం లాంటివాటిని ఆక్సైడ్లుగా చూపి, మొత్తాన్ని 100కి సర్దేస్తుంది. మట్టిలో ఉన్న నీరు, కార్బోనేటు దానికి కనిపించవు. ఒక ఎర్రమట్టిలో ఫెర్రిక్ ఆక్సైడ్ 64 శాతం, కాల్చితే పోయే బరువు 10 శాతం ఉందనుకుందాం. కాల్చినప్పటి నష్టాన్ని కలపకుండా 100కి సర్దితే 64ను 0.90తో భాగించినట్టవుతుంది, కాగితం మీద 71.1 కనిపిస్తుంది. సరుకు 2530లోదే అయినా నివేదిక దాన్ని 2821లోకి నెడుతుంది. అందుకే ఎక్స్‌ఆర్‌ఎఫ్ కాగితం ఏదైనా 'కాల్చినప్పటి నష్టం' అనే వరుస ఉందా, మొత్తంలో దాన్ని కలిపారా అని ముందుగా చూడాలి. ఆ వరుస లేని కాగితానికి ఈ తగాదాలో విలువ లేదు.

అదే లెక్క సరుకు విషయంలోనూ నిజంగా జరుగుతుంది. పైన చెప్పిన మట్టినే సరఫరాదారు కొలిమిలో పూర్తిగా కాల్చి పంపితే నీరు నిజంగానే పోతుంది, దిగిన సరుకులో ఫెర్రిక్ ఆక్సైడ్ నిజంగానే 71 ఉంటుంది. అప్పుడు 2821 20 సరైన చోటే. ఒకే గని, ఒకే సరఫరాదారు. పచ్చి గ్రేడు ఒక హెడింగులో, కాల్చిన గ్రేడు మరో హెడింగులో పడటంలో వింతేమీ లేదు. పచ్చి గ్రేడుకు తీసుకున్న నివేదికను కాల్చిన గ్రేడుకు జత చేస్తేనే చిక్కు.

పాత పద్ధతిలో బరువు తూచే పరీక్షలోనూ ఒక లోపం ఉంది. అమ్మోనియాతో అవక్షేపం చేసి కాల్చి తూచితే ఇనుముతో పాటు అల్యూమినియం కూడా అందులో చేరుతుంది. ఆ అంకెను ఫెర్రిక్ ఆక్సైడ్‌గా రాస్తే బంకమట్టి ఎక్కువున్న ఓకర్‌కు కొంత శాతం అదనంగా పడుతుంది. ఇనుమును డైక్రోమేట్ టైట్రేషన్‌తో విడిగా కొలవడం నమ్మదగ్గ దారి. అంబర్ విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. దానికి గోధుమ ఛాయనిచ్చే మాంగనీసును ఇనుముతో కలిపి 'మొత్తం ఆక్సైడ్లు' అని చూపే కాగితాలు కనిపిస్తుంటాయి. నోట్ ఇనుము గురించే మాట్లాడుతుంది, మాంగనీసు లెక్కలోకి రాదు.

తేమ మరో సందు. టైటానియం డయాక్సైడ్ పిగ్మెంట్ల సబ్‌హెడింగు 3206 11లో 'ఎండు పదార్థం మీద లెక్కించి' అని స్పష్టంగా ఉంది. మట్టి రంగుల నోట్‌లో ఆ మాట లేదు. ఎండబెట్టిన నమూనాలో 71 ఉన్న మట్టి, 4 శాతం తేమతో దిగితే ఉన్న స్థితిలో 68.2 అవుతుంది. చట్టం ఒకచోట ఎండు లెక్క అడిగి ఇంకోచోట అడగలేదంటే, ఇక్కడ దిగిన స్థితిలోనే కొలవాలన్న వాదనకు బలముంది. అయినా అధికారి ల్యాబ్ నమూనాను ఎండబెట్టే కొలిచే అవకాశం ఉంది కాబట్టి సొంత నివేదికలో తేమ శాతం, రెండు లెక్కల ఫలితాలు పక్కపక్కనే ఉండటం మంచిది. గీతకు ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉన్న గ్రేడును తేమ మీద భరోసాతో 2530లో పెట్టడం మాత్రం తెలివైన పని కాదు. వర్షాకాలం సరుకు, వేసవి సరుకు వేర్వేరు హెడింగుల్లో పడే వ్యాపారం ఎక్కువ కాలం నడవదు.

గీతకు లొంగనిది ఒకటుంది. సహజ మైకేషియస్ ఐరన్ ఆక్సైడ్. ఉక్కు వంతెనలు, ట్యాంకుల మీద తుప్పు పట్టకుండా వేసే పూతల్లో పలకలు పలకలుగా పరుచుకునే బూడిద రంగు పిగ్మెంట్ ఇది. ఆస్ట్రియాలోని వాల్డెన్‌స్టైన్ గని దీనికి పేరు మోసింది. ఫెర్రిక్ ఆక్సైడ్ 85 శాతం పైన ఉండే రకాలు మామూలే, అయినా దాని చోటు 2530. ఎందుకంటే నాలుగో నోట్ దాన్ని మట్టి రంగుల నుంచి విడదీసి వేరే పేరుతో చెప్పింది, 70 శాతం షరతు మట్టి రంగులకే పెట్టింది. ఇనుము శాతం చూసి దీన్ని 2821కి మార్చమని నోటీసు వస్తే జవాబు ఆ రెండు నోట్లను పక్కపక్కన పెట్టి రాయాలి. కృత్రిమంగా తయారుచేసిన మైకేషియస్ ఆక్సైడ్‌కు ఈ రక్షణ లేదు, అది 2821కే వెళ్తుంది.

సహజమా, కృత్రిమమా తేల్చడానికి కలర్ ఇండెక్స్ (రంగు పదార్థాల అంతర్జాతీయ జాబితా) పేరు మొదటి ఆధారం. పిగ్మెంట్ రెడ్ 102, పిగ్మెంట్ ఎల్లో 43, పిగ్మెంట్ బ్రౌన్ 7 సహజమైనవి. పిగ్మెంట్ రెడ్ 101, ఎల్లో 42, బ్రౌన్ 6, బ్లాక్ 11 కృత్రిమమైనవి. ఇన్‌వాయిస్‌లో 'నేచురల్ రెడ్ ఆక్సైడ్' అని రాసి భద్రతా పత్రంలో పిగ్మెంట్ రెడ్ 101 అని ఉంటే అధికారి పట్టుకునేది దాన్నే. క్యాస్ నంబరు (రసాయనాల గుర్తింపు సంఖ్య) ఈ విషయంలో అంతగా పనికిరాదు. ఫెర్రిక్ ఆక్సైడ్‌కు వాడే 1309-37-1 సహజ సరుకు కాగితాల మీదా కనిపిస్తుంది. పదార్థంలోనే సాక్ష్యం కావాలంటే ఎక్స్-రే వివర్తన పరీక్షలో క్వార్ట్జ్, బంకమట్టి ఖనిజాల గీతలు వస్తే గని సరుకు. ఫెర్రిక్ ఆక్సైడ్ 95 దాటి, సిలికా నామమాత్రంగా ఉండి, కణాలన్నీ ఒకే కొలతలో ఉంటే ఫ్యాక్టరీ సరుకు.

కలిపితే, పూత పూస్తే

ఛాప్టర్ 32 మూడో నోట్ ప్రకారం 2530 రంగులు గానీ ఛాప్టర్ 28 పిగ్మెంట్లు గానీ ఆధారంగా చేసిన రంగు తయారీలు 3206లోకి వస్తాయి. ఐరన్ ఆక్సైడ్‌లో జిప్సం కలిపి చేసే వెనీషియన్ రెడ్ దీనికి పాఠంలాంటి ఉదాహరణ. మట్టి రంగు కళగా కనిపించడానికి చిటికెడు సేంద్రియ అద్దకం చేర్చినా 3206 అని హెచ్‌ఎస్ ఎక్స్‌ప్లనేటరీ నోట్స్ (ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణలు) చెబుతాయి. ఆ చిటికెడు ఇన్‌వాయిస్‌లో కనిపించదు. పొడిని ఆల్కహాల్‌లో కలిపి వడపోత కాగితం మీద పోస్తే రంగు పాకుతుంది, ఐరన్ ఆక్సైడ్ అలా పాకదు. సరుకు ఎక్కకముందే చేసుకోగల చవకైన పరీక్ష ఇది.

నీటిలో కలిపిన పేస్టు 3206లోనే ఉంటుంది. పెయింట్ల తయారీకి వాడే రకంగా నూనెలోనో సాల్వెంట్‌లోనో కలిపిన పేస్టు 3212కి వెళ్తుంది. ప్లాస్టిక్‌లో చిక్కగా కలిపిన మాస్టర్‌బ్యాచ్ మళ్లీ 3206. సిరామిక్ పరిశ్రమకు ఆక్సైడ్లను కాల్చి తయారుచేసే రంగులు 3207.

తెల్ల పిగ్మెంట్లలో టైటానియం డయాక్సైడ్‌ది ఇదే కథ. పూత లేని, ఏమీ కలపని డయాక్సైడ్ 2823. పెయింట్ గ్రేడు రూటైల్ కణాల మీద సాధారణంగా అల్యూమినా, సిలికా లేదా జిర్కోనియా పూత ఉంటుంది, ఆ పూతతో అది 3206లోకి వస్తుంది. ఎండు లెక్కలో డయాక్సైడ్ 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 3206 11, లేకుంటే 3206 19. సాంకేతిక పత్రంలో 'సర్ఫేస్ ట్రీట్‌మెంట్' అనే ఒక్క వరుస చాలు, 2823 వాదన కూలిపోవడానికి. ఆ వరుస లేని అనటేజ్ గ్రేడుకే 2823 అడగాలి.

ముగ్గురాయి విషయం తెలుగువారికి దగ్గరిది. మంగంపేట ముగ్గురాయి ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. సహజ బేరియం సల్ఫేటును ఎంత మెత్తగా నూరినా 2511 10లోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో అవక్షేపంగా తీసిన బ్లాంక్ ఫిక్స్ 2833 27 00. రెండిటి రసాయన సూత్రం ఒకటే, ఎక్స్-రే గీతలూ ఒకటే. తేడా తెలిసేది కణాల కొలత, ఆకారాల్లో, ఇంకా క్వార్ట్జ్, స్ట్రాన్షియం లాంటి గని జాడల్లో. సున్నపురాయి పొడికి స్టియరిక్ యాసిడ్ పూత పూసి నీరు అంటకుండా చేస్తే అది ఖనిజాల ఛాప్టర్‌నూ, 2836నూ వదిలి 3824కి వెళ్తుంది. పొడిని గ్లాసు నీళ్లలో చల్లితే మునగకుండా తేలుతుంది, అధికారి ముందే చూపించవచ్చు.

మందుల దుకాణాల్లో, చిత్రకారుల దగ్గర కనిపించే హరిదళం, ఇంగిలీకం కూడా ఇదే తీరు. గని హరిదళం 2530, తయారైన ఆర్సెనిక్ సల్ఫైడ్ 2813. గని ఇంగిలీకం పాదరసపు ఖనిజంగా 2617, తయారైనది 2852.

డబ్బు, కాగితాలు, నమూనా

గనికి దగ్గరగా ఉన్న సరుకుకు సుంకం తక్కువ, శ్రమ చేరిన సరుకుకు ఎక్కువ అనేది టారిఫ్‌లో సాధారణంగా కనిపించే వరుస. బిల్ ఆఫ్ ఎంట్రీ నాటి రేట్లే చెల్లుతాయి కాబట్టి బడ్జెట్ తర్వాత సరిచూసుకోవాలి. లెక్క తీరు తెలియడానికి రేట్లు ఇలా అనుకుందాం. సరుకు విలువ 10 లక్షలు. ఒక హెడింగులో కస్టమ్స్ సుంకం 5 శాతం, ఐజీఎస్టీ 5 శాతం. ఇంకోదాంట్లో 7.5, 18. సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ సుంకంలో పదో వంతు. మొదటిదాంట్లో సుంకం 50,000, సర్‌చార్జ్ 5,000, ఐజీఎస్టీ 52,750, మొత్తం 1,07,750. రెండోదాంట్లో 75,000, 7,500, 1,94,850 కలిపి 2,77,350. తేడా 1,69,600 అని కనిపిస్తుంది గానీ ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగి వాడుకోగల తయారీదారుకు అసలు తేడా 27,500 మాత్రమే. ఆ కాస్త కోసం గీత మీదున్న గ్రేడును తక్కువ హెడింగులో పెడితే, తర్వాత ఐదేళ్ల వెనక్కి వెళ్లే డిమాండు, వడ్డీ, సుంకంతో సమానమైన జరిమానా ముప్పు నెత్తిన పెట్టుకోవడమే. సాధారణ డిమాండుకు గడువు రెండేళ్లు. నిజాలు దాచారనో కావాలని తప్పు చెప్పారనో కుమ్మక్కయ్యారనో రుజువైతేనే ఐదేళ్లు.

దాచారన్న మాట రాకుండా చేసేది వర్ణన. 'రెడ్ ఆక్సైడ్' అని వదిలేయకుండా 'సహజ ఎర్ర ఓకర్, కాల్చనిది, నూరినది, ఏమీ కలపనిది, పిగ్మెంట్ రెడ్ 102, ఫెర్రిక్ ఆక్సైడ్ ఇంత శాతం, దిగిన స్థితిలో' అని రాయాలి. వర్ణన పూర్తిగా ఇచ్చి హెడింగు తప్పుగా అడగడం తప్పుడు ప్రకటన కాదని నార్తర్న్ ప్లాస్టిక్ కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. హెచ్‌ఎస్ ఎక్స్‌ప్లనేటరీ నోట్స్‌ను మార్గదర్శకంగా తీసుకోవచ్చని 1995లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పింది. జవాబుల్లో ఈ రెండూ పనికొస్తాయి.

సరఫరాదారు నుంచి ముందే అడగాల్సింది తయారీ ప్రక్రియ పత్రం. గని దగ్గర నుంచి బస్తా దాకా ఏయే దశలు, కొలిమి ఉందా, ఉంటే ఎంత వేడి, బయటి పదార్థం ఏదైనా చేరిందా అన్నవి అందులో ఉండాలి. లాట్‌వారీ పరీక్ష నివేదికలో ఇనుము, కాల్చినప్పటి నష్టం, తేమ, సిలికా, అల్యూమినా, మాంగనీసు విడివిడిగా కావాలి. 'ఫెర్రిక్ ఆక్సైడ్ కనీసం 65' అన్న సాధారణ స్పెసిఫికేషన్ ఇక్కడ పనికిరాదు. 65 కనీసం అంటే 74 కూడా అందులో ఇమిడిపోతుంది.

నమూనా తీయడంలో జరిగే తప్పు ఆ తర్వాత ఎంత మంచి ల్యాబ్ అయినా దిద్దలేదు. గని రంగు పొరలు పొరలుగా ఉంటుంది. 25 కిలోల బస్తాలు వెయ్యి ఉన్న కంటెయినర్‌లో తలుపు దగ్గరి ఒకే బస్తా నుంచి తీస్తే 72 రావచ్చు, లోపలి బస్తాలో 67 ఉండవచ్చు. ముందు, మధ్య, వెనక వరుసల్లో పది పదిహేను బస్తాల నుంచి తీసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ తగ్గించాలని కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష సమయంలోనే కోరాలి. సీలు వేసిన నకలు నమూనా ఉంచమని అడగాలి. టెస్ట్ మెమోలో అడిగే ప్రశ్నలు కూడా ముఖ్యం. 'ఇది ఐరన్ ఆక్సైడా' అని అడిగితే ల్యాబ్ అవునంటుంది, తగాదా తేలదు. ఇనుము ఫెర్రిక్ ఆక్సైడ్‌గా ఎంత, సహజమా కృత్రిమమా, కాల్చినదా, ఎక్స్‌టెండర్ (ముగ్గురాయి లాంటి కలుపుడు పొడి) గానీ అద్దకం గానీ ఉందా అని అడిగించాలి.

ఫలితం వచ్చేదాకా సరుకు ఆపుకుంటే డెమరేజ్ (పోర్టులో నిల్వ రుసుము) పెరుగుతుంది. సెక్షన్ 18 కింద బాండు ఇచ్చి తాత్కాలిక మదింపుతో విడిపించుకోవచ్చు. నివేదిక వ్యతిరేకంగా వస్తే అందిన పది రోజుల్లోపు పునఃపరీక్ష కోరాలి. కోరేటప్పుడు కారణం సాంకేతికంగా ఉండాలి. కాల్చినప్పటి నష్టం కలపలేదనో, అల్యూమినాను విడదీయలేదనో రాస్తే వినే అవకాశం ఎక్కువ.

ఒకే గ్రేడు ఏళ్ల తరబడి తెప్పించేవారికి అడ్వాన్స్ రూలింగ్ (ముందుగానే తీసుకునే వర్గీకరణ నిర్ణయం) మేలు. ఢిల్లీ, ముంబైలలోని కస్టమ్స్ అథారిటీకి పదివేల రుసుముతో దరఖాస్తు చేయాలి, నిర్ణయానికి చట్టం మూడు నెలలు గడువు పెట్టింది. అదే దరఖాస్తుదారు విషయంలో అదే ప్రశ్న అప్పటికే అధికారి దగ్గరో ట్రిబ్యునల్‌లోనో నడుస్తుంటే తీసుకోరు, కాబట్టి మొదటి కంటెయినర్ రాకముందే వేయాలి. రూలింగు చట్టం పెట్టిన గడువు దాకా చెల్లుతుంది, ఈలోగా చట్టం గానీ వాస్తవాలు గానీ మారితే అంతటితో ఆగిపోతుంది. సరఫరాదారు గనిలో వేరే పొర తవ్వడం మొదలుపెట్టినా, కొత్తగా కొలిమి పెట్టినా అది వాస్తవాల మార్పే. లాట్‌వారీ నివేదికలు అడగడం రూలింగు వచ్చాక మానేస్తే ఆ మార్పు దిగుమతిదారుకు తెలిసేది కస్టమ్స్ ల్యాబ్ నుంచే.